రాలిన పిందెల గురించి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో బత్తాయి చెట్ల కింద పిందెలు ఏరి, చెట్టుకు జబ్బు చేసిందేమోనని మీరు దిగులుపడ్డారు. ఆనాడు పనుల ఒత్తిడిలో సరిగా చెప్పలేకపోయాను. అది జబ్బు కాదు. బత్తాయి విరగబూస్తుంది గాని, నూరు పూలకు ఒకటి రెండు కాయలు నిలిచినా మంచి కాపే. ఏ పిందె నిలవాలో తేల్చడంలో పెద్దపాత్ర చెట్టులో అతి స్వల్పంగా పుట్టే హార్మోన్లది.

పూరేకులు రాలే వేళకు అండాశయంలో, అంటే పూవులో కాయగా మారే భాగంలో, జిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోన్ తగినంత ఉంటే కణాలు చురుకుగా విభజన చెంది, పిందె ఆకుల నుంచి చక్కెరను తనవైపు లాక్కుంటుంది. అది కొరవడిన పిందె వెనకబడుతుంది. దానిలో అబ్సిసిక్ ఆమ్లం, ఆ వెంటనే ఇథిలీన్ అనే, రాలుడుకు దారితీసే హార్మోన్లు పెరిగి, కాడ మొదట్లో ఒక పలుచని పొరలోని కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే పదార్థం కరిగి, పిందె ఊడిపోతుంది. మీరు ఏరినవాటిలో బఠానీ గింజంతవి కాడతో సహా రాలాయి, కాస్త పెద్దవి తొడిమను చెట్టుకే వదిలి వచ్చాయి, గుర్తుందా? ఊడే చోట్లు రెండున్నాయి: లేతప్పుడు ఒకటి, ముదిరాక మరొకటి పనిచేస్తాయి.

గింజ పడితేనే కాయ నిలుస్తుందని నేనూ చాలాకాలం అనుకున్నాను. జపాన్‌వారి సత్సుమా కమలాలో గింజే ఉండదు, అయినా దాని అండాశయం తనకు కావలసిన జిబ్బరెల్లిన్‌ను తానే తయారుచేసుకుంటుంది. క్లెమెంటైన్ అనే మరో రకం కమలాకు ఆ శక్తి తక్కువ, పైగా తన పుప్పొడి తనకు పనికిరాదు. అందుకే స్పెయిన్ రైతులు పూరేకులు రాలే సమయంలో జిబ్బరెల్లిన్‌లలో ఒకటైన జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీ చేస్తారు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇది: అదే మందును మన నిమ్మతోటల్లో జూన్‌లో లీటరు నీటికి 50 మిల్లీగ్రాముల చొప్పున కొడితే, అది పూతను ఆపుతుంది. అలా దాచిన శక్తితో ఆ తర్వాత పూత తెప్పించి, ధర పలికే వేసవికి కాయ అందిస్తారు.

పిందె రాలకుండా కొట్టే 2,4-డి అనే మందు, చెట్టులో పుట్టే ఆక్సిన్ అనే మరో హార్మోన్ వంటిది. 100 లీటర్ల నీటికి 1 గ్రాము చాలు. మోతాదు పెంచితే అదే కలుపుమందు. ఒకసారి కలుపుకు వాడిన స్ప్రేయర్‌ను సరిగా కడగకుండానే నేను చెట్లకు వాడాను. వారం తిరగకుండా లేత ఆకులు దొన్నెల్లా ముడుచుకుపోయాయి.

సంక్రాంతి దాటాక పూత రాగానే, బావి పక్క చెట్టుకు ఒక కొమ్మకు ఎర్రదారం కట్టి, పూలు లెక్కపెట్టి రాసిపెడతాను. మీరు వచ్చి కాయలు లెక్కపెట్టండి.

మీ తాతయ్య