పది నంబర్లకి బెల్ కర్వ్ గీస్తే

ఎక్సెల్ షీట్‌లో పది నంబర్లున్నాయి, వాటికి బెల్ కర్వ్ (మధ్యలో ఎత్తుగా లేచి రెండు పక్కలా దిగే గంట ఆకారపు గీత) కావాలి. చాలామంది ఏం చేస్తారంటే ప్రతి నంబర్ పక్కనా ఆ గీత ఎత్తు లెక్కగట్టే నార్మ్.డిస్ట్ ఫార్ములా పెట్టేసి చార్ట్ కొట్టేస్తారు, అదేమో పిచ్చిగీతల్లా వస్తుంది. వరసలో సర్దినా అంతే, పది పాయింట్లకి గంట నునుపు ఎక్కడొస్తుంది?

అసలు ఆ గంటకి మీ డేటా మొత్తం అక్కర్లేదు, అందులోంచి తీసిన యావరేజ్, స్టాండర్డ్ డీవియేషన్ (నంబర్లు యావరేజ్‌కి అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) చాలు. 42, 45, 47, 48, 50, 50, 51, 53, 55, 59 తీసుకోండి. యావరేజ్ 50. డీవియేషన్‌కి రెండు ఫార్ములాలున్నాయి: ఎస్‌టీడెవ్.ఎస్ 4.92 అంటుంది, ఎస్‌టీడెవ్.పీ 4.67 అంటుంది. యావరేజ్ నుంచి దూరాల వర్గాలన్నీ కూడి మొదటిది 9తో భాగిస్తుంది, రెండోది 10తో, ఆపైన వర్గమూలం. యావరేజ్ కూడా ఈ పదింటి నుంచే తీశాం కదా, అందుకని దానికి వీటి దూరాలు ఉండాల్సినదానికన్నా కాస్త తక్కువగానే కనిపిస్తాయి, ఆ లోటు పూడ్చడానికే ఒకటి తగ్గించడం. వేలల్లో డేటా ఉంటే ఏదైనా ఒకటే గానీ పదికి తేడా తెలుస్తుంది, ఇవి పెద్ద గుంపులోంచి తీసిన శాంపిల్ అయితే ఎస్‌టీడెవ్.ఎస్ వాడండి.

ఇంకో కాలమ్‌లో 35 నుంచి 65 దాకా ఒక్కొక్కటే పెంచుతూ నింపండి, అంటే యావరేజ్‌కి అటూ ఇటూ సుమారు మూడు డీవియేషన్లు. పక్కన నార్మ్.డిస్ట్, ఆ ఫార్ములా చివర ఫాల్స్ (ట్రూ పెడితే గంట రాదు, ఎస్ ఆకారం వస్తుంది), యావరేజ్ సెల్‌కీ డీవియేషన్ సెల్‌కీ డాలర్ గుర్తులు మర్చిపోతే కిందకి లాగగానే అంతా గల్లంతు. తర్వాత స్మూత్ లైన్ల స్కాటర్ చార్ట్. అయిపోయింది. శిఖరం 0.081 దగ్గర ఉంటుంది, అది 8 శాతం అవకాశం అనుకోకండి, ఇక్కడ లెక్క ఎత్తుది కాదు, గీత కింద విస్తీర్ణానిది, అది మొత్తం 1.

ఇప్పుడు అసలు తమాషా. ఆ పది నంబర్లు తీసేసి ఐదు సెల్స్‌లో 45.33, మిగతా ఐదింట్లో 54.67 కొట్టండి. యావరేజ్ 50, డీవియేషన్ 4.92, గంట అణుమాత్రం కదలదు! మధ్యలో ఒక్క నంబర్ కూడా లేకపోయినా శిఖరం మాత్రం దర్జాగా 50 మీదే కూర్చుంటుంది. గంట ఆకారం ఫార్ములాలో ఉన్నదే, డేటా చేసేదల్లా దాన్ని పక్కకి జరపడం, సాగదీయడం.

అందుకే నేను చిన్న డేటాకి కర్వ్ ఒక్కటే వదలను, అదే చార్ట్‌లో ఇంకో సిరీస్ వేసి, వై విలువ సున్నా పెట్టి, అసలు నంబర్లని అడుగున చుక్కలుగా పెడతా. 50 ఒకే చోట రెండుసార్లు పడుతుంది కాబట్టి రెండో చుక్కని కొంచెం పైకి లేపాలి.