బంజ్ అడవి ఎవరికి కావాలి?

1980లో, ఇప్పటి ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలోని డుంగ్రీ-పైంతోలీ అనే ఊళ్లో ఒక బేరం కుదిరింది. ఊరి పక్కనున్న బంజ్ చెట్ల అడవిని కొట్టేసి ప్రభుత్వం బంగాళాదుంపలు పండిస్తుంది. బదులుగా ఊరికి రోడ్డు, బడి, ఆసుపత్రి వస్తాయి. ఊరి మగవాళ్లు సరేనన్నారు. ఆడవాళ్లు ససేమిరా అన్నారు, చెట్లకు అడ్డం నిలబడ్డారు. అడవి మిగిలింది.

చెట్లను కౌగిలించుకుని కాపాడుకున్న చిప్కో ఉద్యమం అనగానే అందరూ 1974 నాటి రేణి ఊరినీ, అక్కడి ఆడవాళ్లకు ముందు నిలిచిన గౌరాదేవినీ తలుచుకుంటారు. అక్కడ ఎదుటివాడు చెట్లు కొట్టడానికి వచ్చిన బయటి కాంట్రాక్టరు. ఇక్కడ సొంత ఇంటి మగవాళ్లే. నన్నడిగితే ఈ గొడవలోనే అసలు విషయం ఉంది.

బంజ్ అంటే హిమాలయాల ఓక్ చెట్టు. చలికాలంలో గడ్డి ఎండిపోయినా దీని ఆకు పచ్చగానే ఉంటుంది, గొడ్లకు అదే మేత. రాలిన ఆకును కొట్టంలో పరుస్తారు. పేడతో కలిసి మాగాక అది చేనుకు ఎరువు. ఎండుకొమ్మ పొయ్యిలో నిలకడగా మండుతుంది. చెట్టు కింద కుళ్లిన ఆకులు మెత్తటి నల్లమట్టిగా మారి వాన నీటిని పట్టి ఉంచుతాయి. చీడ్ అనే పైన్ చెట్టు అలా కాదు. దాని జిగురుకూ కలపకూ బజారులో ధర ఉంది కానీ, సూదుల్లాంటి ఆకును పశువు ముట్టదు, ఎండితే నిప్పు ఇట్టే అంటుకుంటుంది.

ఆ కొండల్లో మేత, కట్టెలు, నీళ్లు తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. చాలామంది మగవాళ్లు ఉద్యోగాలకు మైదానాలకు పోయేవారు. అడవి పోతే దూరం నడవాల్సింది ఎవరో వేరే చెప్పాలా?

దీన్ని చూసి ‘స్త్రీకి ప్రకృతి అంటే సహజంగానే ప్రేమ’ అనేస్తే నాకు చిరాకు. బీనా అగర్వాల్ లాంటి ఆర్థికవేత్తలు ఎప్పుడో చెప్పారు: ఇది స్వభావం కాదు, పని పంపకం. ఎవరు ఏ పని చేస్తారో, ఏ ఆస్తి ఎవరి పేర ఉందో దాన్నిబట్టే అవసరాలుంటాయి.

ఈ మాటకు బలమిచ్చే పరిశోధన 2004లో వచ్చింది. పరిశోధకులు రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో 265 పంచాయతీలను పరిశీలించారు. సర్పంచ్ పదవి మహిళలకు రిజర్వ్ అయ్యే ఊళ్లను లాటరీలాంటి పద్ధతిలో ఎంచుతారు కాబట్టి తేడాను నమ్మకంగా కొలవొచ్చు. మహిళలు సర్పంచులైన చోట రెండు రాష్ట్రాల్లోనూ తాగునీటికి ఎక్కువ ఖర్చయింది. రోడ్ల సంగతే తమాషా: బెంగాల్‌లో పెరిగాయి, రాజస్థాన్‌లో తగ్గాయి. బెంగాల్ ఆడవాళ్లు రోడ్ల గురించి ఎక్కువగా అర్జీలు పెట్టుకునేవారు. రోడ్డు పనుల్లో కూలీ వారికీ దొరికేది. రాజస్థాన్‌లో రోడ్లు అడిగేది మగవాళ్లు.

2012లో, అడవిని నమ్ముకుని బతికేవారికి హక్కులిచ్చే అటవీ హక్కుల చట్టం నిబంధనలను సవరించి, గ్రామసభ కోరానికి, అంటే సభ చెల్లడానికి, హాజరైనవారిలో కనీసం మూడోవంతు మహిళలుండాలన్నారు. మంచిదే. మరి ఆ సభ సరిగ్గా వంట వేళకు పెడితే వాళ్లెలా వస్తారు? వచ్చినా వెనక వరసలో కూర్చోబెట్టి సంతకం పెట్టించుకుని పంపేస్తే, డుంగ్రీ-పైంతోలీ బేరం మళ్లీ ఎక్కడైనా కుదరొచ్చు.