హుస్సేన్ సాగర్ నీటిని ఎక్కడ, ఎప్పుడు పరీక్షించాలి?

ఎండ బాగా కాసిన మధ్యాహ్నం హుస్సేన్ సాగర్ పైపొర నుంచి నీటిని తీసి పరీక్షిస్తే, అందులో కరిగిన ఆక్సిజన్ ఆశ్చర్యపోయేంత ఎక్కువగా కనిపించవచ్చు. ఇది చెరువు ఆరోగ్యానికి గుర్తు కాదు. మురుగులోని నత్రజని, భాస్వరాలతో విపరీతంగా పెరిగిన నాచు కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్‌ను వదులుతూ ఉండడమే దానికి కారణం. రాత్రంతా అదే నాచు, బ్యాక్టీరియాతో కలిసి ఆ ఆక్సిజన్‌ను పీల్చేస్తుంది కాబట్టి తెల్లవారేసరికి అది చేపలకు చాలనంత తక్కువకు పడిపోతుంది. చేపలు బతకాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం చెబుతోంది. అందువల్ల సూర్యోదయానికి ముందు, వేర్వేరు లోతుల్లో కొలవని నివేదికను నేను సగం నివేదికగానే చూస్తాను.

ఇక కాలుష్యం ఎక్కడి నుంచి వస్తోందో తేల్చాలంటే చెరువు నడుమ కాదు, నాలాల ముఖద్వారాల దగ్గర నిలబడాలి. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఈ చెరువులో కలుస్తాయి. వీటిలో కూకట్‌పల్లి నాలా ఇళ్ల మురుగుతో పాటు పారిశ్రామిక వాడల వ్యర్థజలాలను కూడా దశాబ్దాల పాటు మోసుకొచ్చింది. ఈ రెండింటినీ వేరుచేసి చూపడానికి బీఓడీ, సీఓడీల నిష్పత్తి పనికొస్తుంది. సూక్ష్మజీవులు కుళ్లబెట్టగల పదార్థానికి ఎంత ఆక్సిజన్ కావాలో బీఓడీ చెబుతుంది; రసాయనంతో ఆక్సీకరణం చెందే పదార్థాన్నంతటినీ సీఓడీ లెక్కిస్తుంది. ఇళ్ల మురుగులో బీఓడీ సాధారణంగా సీఓడీలో సగానికి అటూ ఇటూగా ఉంటుంది. అది బాగా తగ్గితే, సూక్ష్మజీవులకు లొంగని పారిశ్రామిక రసాయనాలు కలిశాయని అనుమానించాలి.

అయితే గాఢత ఒక్కటే చాలదు, ప్రవాహాన్నీ కొలవాలి. ఉదాహరణకు, లీటరుకు 200 మిల్లీగ్రాముల బీఓడీతో రోజుకు 10 లక్షల లీటర్లు తెచ్చే నాలా చెరువులో 200 కిలోల భారం వేస్తుంది. 40 మిల్లీగ్రాములతో కోటి లీటర్లు తెచ్చే నాలా, చూపుకు పలుచగా ఉన్నా, 400 కిలోలు వేస్తుంది. వర్షాకాలంలో ఈ లెక్క మళ్లీ మారుతుంది. పొడి రోజుల్లో మురుగును చెరువులోకి రాకుండా పక్కకు మళ్లించే ఏర్పాటు ఉన్నా, భారీ వాన కురిసినప్పుడు అది వరద నీటితో కలిసి పొంగి లోపలికే చేరుతుంది.

వినాయక నిమజ్జనం గురించి జరిగినంత చర్చ నాలాల గురించి జరగకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. విగ్రహాల రంగుల్లోని భార లోహాలు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నిజమైన సమస్యలే, కానీ నిమజ్జనం ఏడాదిలో కొద్ది రోజులు. నాలా ఏడాది పొడవునా పారుతుంది.

ఎక్కడి నుంచి వచ్చినవైనా, లోహాలలోనూ భాస్వరంలోనూ చాలా భాగం చివరికి అడుగు బురదలో చేరుతుంది. అడుగున ఆక్సిజన్ లేనప్పుడు, ఇనుముతో బంధమై ఉన్న భాస్వరం విడివడి తిరిగి నీటిలోకి వస్తుంది. నాలాలన్నింటినీ మూసినా నాచు కొన్నేళ్ల పాటు పెరుగుతూనే ఉండడానికి ఇదే కారణం కాగలదు కనుక, నీటి సీసాతో పాటు బురద నమూనా కూడా ప్రయోగశాలకు వెళ్లాలి.