ఉద్దానంలో యాంఫోటెరిసిన్ ఎక్కించే ముందు

కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తపరీక్షలో చూపే క్రియాటినిన్ అంటే ఏమిటో ఉద్దానంలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... ఏ మండలంలో అడిగినా కిడ్నీ జబ్బు మనిషి తెలిసినవాళ్లే ఉంటారు. అందుకే ఫంగస్ జబ్బులకు ఇచ్చే యాంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్ సంగతి శ్రీకాకుళం జిల్లావాళ్లం కాస్త ఎక్కువగానే తెలుసుకోవాలి.

2021లో కరోనా రెండో దశ వెనకాలే బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఈ మందు కోసం జనం ఎంతగా తిరిగారో గుర్తుండే ఉంటుంది. మందు మాత్రం పాతదే. వెనిజులాలో ఒరినోకో నది దగ్గరి మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి 1950లలో దీన్ని వేరుచేశారు. ఫంగస్ కణం పైపొరలో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. మందు దాన్ని పట్టుకుని పొరను దెబ్బతీస్తుంది. మన కణాల పొరలో ఉండే కొలెస్టరాల్ ఆ ఎర్గోస్టెరాల్‌కి దగ్గరి చుట్టం. మందు దాన్నీ పూర్తిగా వదిలిపెట్టదు. చిక్కంతా అక్కడే.

ఆ దెబ్బ ఎక్కువగా తగిలేది కిడ్నీకి. రక్తం తెచ్చే సన్నటి నాళాలు ముడుచుకుంటాయి, మూత్రాన్ని తయారుచేసే గొట్టాలు పాడవుతాయి. పొటాషియం, మెగ్నీషియం మూత్రంలో పోతాయి. పొటాషియం బాగా తగ్గితే కాళ్లు పీకుతాయి, నీరసం కమ్ముతుంది, గుండె లయ తప్పుతుంది. ఉద్దానం జబ్బు కూడా ప్రధానంగా ఆ గొట్టాల చుట్టూ మొదలయ్యేదే. ముదిరేదాకా లక్షణాలు పెద్దగా కనిపించవు. అంటే, "నాకేం లేదు" అనుకునే మనిషి కిడ్నీ కూడా అప్పటికే సగం అరిగి ఉండొచ్చు. నా దృష్టిలో ఇక్కడివాళ్లకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే. మొదటి డోసుకు ముందే క్రియాటినిన్, పొటాషియం చూడాలి, చికిత్స సాగినన్నాళ్లూ తరచూ చూస్తుండాలి.

ఈ మందులో రెండు రకాలున్నాయి. కొవ్వు పొరల్లో చుట్టిన లైపోసోమల్ రకం, అలా చుట్టని పాత రకం కన్నా కిడ్నీకి కొంత నయం, ధర మాత్రం ఎక్కువ. రెండు రకాలూ 50 మిల్లీగ్రాముల సీసాల్లో వస్తాయి కాబట్టి ఒకటనుకుని ఇంకొకటి ఎక్కించే ప్రమాదం ఉంది. 60 కిలోల మనిషికి లైపోసోమల్ రోజుకు 300 మిల్లీగ్రాములు ఇవ్వొచ్చు. పాత రకం 90 దాటకూడదు, దాటితే గుండె ఆగిపోవచ్చు. సీసా మీద పేరు మొత్తం చదవమని నర్సమ్మని అడగడం తప్పు కాదు.

పసుపురంగు ద్రావణం ఎక్కుతున్న మొదటి గంటల్లో చలి, వణుకు, జ్వరం రావొచ్చు. దుప్పటి కప్పి ఊరుకోకుండా వెంటనే సిబ్బందికి చెప్పాలి. వణుకు తగ్గడానికి మందులున్నాయి. కిడ్నీని కాపాడటానికి ముందుగా సెలైన్ పెడతారు. ఇంజెక్షన్‌ని మాత్రం డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్ నీళ్లు)లోనే కలుపుతారు, సెలైన్‌లో కలిపితే మందు విరిగిపోతుంది. త్వరగా ఇంటికి పోదామని డ్రిప్ వేగం పెంచమని అడగకండి.

పక్కనున్నవాళ్లు దాచకూడనివి కొన్ని ఉన్నాయి. ఒళ్లునొప్పులకు ఊళ్లో వేయించుకున్న డైక్లోఫెనాక్ సూది, వాడిన జెంటామైసిన్ లేదా అమికాసిన్ యాంటీబయాటిక్, గుండెకు వేసుకునే డిగాక్సిన్, ఇంట్లో ఎవరికైనా ఉన్న కిడ్నీ జబ్బు, అన్నీ డాక్టరుకు చెప్పాలి. వీటిని బట్టే మందు మార్చాలా, డోసు ఆపాలా అన్నది ఆయన తేల్చుకుంటారు. మూత్రం తగ్గినా, పాదాలు వాచినా అదే రోజు చెప్పాలి.

డిశ్చార్జి అయ్యాక కూడా కాగితంలో రాసిన తేదీకి క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చేయించాలి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది కాబట్టి, ఇచ్ఛాపురం వైపువాళ్లు ఈ పరీక్షల కోసం విశాఖ దాకా పోనక్కర్లేదు.