ప్రశ్న అడిగిన రోజే జవాబు చదవాలి

అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీ అనుకోండి. రీసెర్చ్ స్కాలర్ ఒకామె వచ్చి క్లాసులో సర్వే ఫారాలు పంచింది. నిద్ర సరిగా పడుతోందా, ఆకలి వేస్తోందా అని అడుగుతూ తొమ్మిదో ప్రశ్న దగ్గరికొస్తుంది: గత రెండు వారాల్లో చచ్చిపోతే బాగుండనో, ఏదో రకంగా హాని చేసుకోవాలనో అనిపించిందా? డిప్రెషన్ అంచనాకు చాలా దేశాల్లో వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో చివరి ప్రశ్న ఇది. ఒకమ్మాయి "దాదాపు ప్రతిరోజూ" దగ్గర టిక్కు పెట్టి, ఫారం ఇచ్చేసి, కళ్యాణదుర్గం బస్సెక్కి వెళ్ళిపోయింది. ఫారాలు బీరువాలోకి చేరాయి. వాటిని తీసి లెక్కలు కట్టేది రెండు నెలల తర్వాత.

నన్ను భయపెట్టేది ఆ రెండు నెలలే.

చాలామంది భయం వేరే. అసలు అడిగితేనే లేని ఆలోచన పుడుతుందేమో అని. దీన్ని న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది హైస్కూల్ విద్యార్థులతో పరీక్షించి చూశారు. కొందరిని ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, మిగతావాళ్ళను అడగలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే, అడిగినవాళ్ళలో బాధ గానీ అలాంటి ఆలోచనలు గానీ పెరగలేదు. డిప్రెషన్ లక్షణాలున్న పిల్లల్లోనైతే, అడగనివాళ్ళకంటే అడిగినవాళ్ళకే బాధ కాస్త తక్కువగా ఉంది. ఆ ఫలితాలు 2005లో వచ్చాయి. మన దేశంలో 2022లో ఒక్క ఏడాదిలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. కాబట్టి అడగాల్సిందే. అడిగి వదిలేయడమే తప్పు.

అయితే ఇక్కడో చిక్కుంది. పేరు రాయమంటే పిల్లలు నిజం రాయరు. పేరు వద్దంటే నిజం రాస్తారు గానీ, సాయం అవసరమైనవాళ్ళు ఎవరో తెలియదు. నాకు సరైనదనిపించేది మధ్య దారి. ఫారం మీద కోడ్ నంబరు మాత్రమే ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా వేరే చోట, తాళం కింద, ఒక్కరి చేతిలో ఉంటుంది. తొమ్మిదో ప్రశ్న దగ్గర అలా అనిపించిందని టిక్కు పెట్టిన ఫారం కనబడితేనే దాన్ని తెరుస్తారు. ఈ సంగతి ఫారం ఇవ్వకముందే, సంతకం పెట్టించుకోకముందే పిల్లలకు చెప్పాలి. "మీ ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మేం మిమ్మల్ని పిలిచి మాట్లాడతాం" అని ఒక్క మాట. కొందరు అది విని ఫారం నింపకుండా లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళనివ్వాలి.

ఫస్టియర్‌లో పదిహేడేళ్ళవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ విషయంలో తల్లిదండ్రుల అనుమతితో పాటు వాళ్ళ ఇష్టమూ కావాలి.

ఫారాలు ఆ సాయంత్రమే చదవాలి. అందుకే శనివారం మధ్యాహ్నమో, పండగ సెలవుల ముందు రోజో సర్వే పెట్టుకోకూడదు. టిక్కు పెట్టిన ప్రతి ఒక్కరూ ప్రమాదంలో ఉన్నారనీ కాదు. ఆ ప్రశ్న వల వంటిది, చాలామంది పడతారు. శిక్షణ ఉన్న కౌన్సెలర్ విడిగా కూర్చోబెట్టి, ఆలోచన ఒక్కటేనా, ఎలా చేయాలో కూడా అనుకున్నారా, ఇంతకు ముందు ప్రయత్నించారా అని నెమ్మదిగా అడిగితేనే తేడా తెలుస్తుంది. ఆ మాటలు కాకముందే వార్డెన్‌కు చెప్పి, నాన్నకు ఫోన్ చేసి, పెట్టె సర్దించి ఇంటికి పంపితే, ఆ పిల్ల మళ్ళీ ఎవరికీ నోరు విప్పదు. ఇంట్లో గొడవలే బాధకు కారణమైతే? ఎవరికి చెబితే బాగుంటుందో ముందు ఆమెనే అడగాలి. ప్రమాదం దగ్గర్లో ఉందని తేలితే మాత్రం ఒంటరిగా వదలకూడదు. ఎవరో ఒకరు తోడుండి పెద్దాసుపత్రిలో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళాలి. పోలీసు కేసవుతుందని భయపడేవాళ్ళుంటారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, వాళ్ళను శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

ఫారం చివర 14416 ఉండాలి. అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబరులో మొదలైంది. ఎప్పుడు చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఇది చదువుతున్న మీకు అవసరమైనా అదే నంబరు. కానీ నంబరు అచ్చు వేసినంత మాత్రాన పరిశోధకుల బాధ్యత తీరిపోదు. ఇలాంటి పరిశోధనలను ముందుగా పరిశీలించే ఎథిక్స్ కమిటీ సభ్యులు అనుమతి కాగితం మీద సంతకం చేసే ముందు ఇలా అడగాలని నా కోరిక: ఆ సాయంత్రం ఫారాలు చదివేదెవరు? వాళ్ళకు ఎవరు శిక్షణ ఇచ్చారు? కౌన్సెలర్ ఆ రోజు ఊళ్ళో ఉంటారా? వారం తర్వాత ఆ పిల్లలను మళ్ళీ పలకరించేదెవరు?

ఇంకో మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫారాలు పంచిన స్కాలర్ కూడా చిన్నదే, తనూ హాస్టల్లో ఉండే విద్యార్థే. రోజంతా ఇలాంటి జవాబులు చదివిన రాత్రి ఆమెకు ఫోన్ చేసి మాట్లాడే బాధ్యత ఎవరిదో పరిశోధన ప్రణాళికలోనే పేరుతో సహా రాసి ఉండాలి.