ఊరి బీడు: మేం రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

పద్దెనిమిదేళ్ళుగా నా పని డెల్టా ఊళ్ళలో పశువుల చుట్టూనే. టీకాలు వేయడం, ఈనలేక ఇబ్బంది పడే గేదెల దగ్గర రాత్రుళ్ళు కూర్చోవడం, దాంతోపాటు ఎనిమిదేళ్ళ నుంచి మా ఊరి బీడు (ఊరుమ్మడి మేత భూమి) కమిటీ పనులు చూడటం. గోదావరి డెల్టాలో బీడేంటండీ, అంతా వరిచేలే కదా అని బయటివాళ్ళు అడుగుతుంటారు. నిజమే, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు వచ్చాక నీరు ఎక్కే ప్రతి సెంటూ చేనైపోయింది. మిగిలిందల్లా ఊరి చివర మేత పోరంబోకు, మంద నిలిపే మందబయలు, పుంత దారులు, చెరువు గట్లు, ఏటిగట్టు వాలు, గోదావరి మధ్య లంకల్లో గడ్డి. రెండు గేదెలుండి సెంటు భూమి కూడా లేని ఇళ్ళు ఆ మిగిలిన దానిమీదే బతుకుతున్నాయి. అందుకే ఈ మాటలు విన్నప్పుడల్లా ఊరుకోలేను.

అపోహ: పోరంబోకు అంటే ఎవరిదీ కాదు, ముందు దున్నినవాడిదే.

ఈ మాట తమిళం నుంచి వచ్చింది. శిస్తు లెక్కకు బయట ఉంచిన భూమి అని దానర్థం. ఊరందరి అవసరానికని పక్కన పెట్టిన భూమి కాబట్టే దానికి శిస్తు వేయలేదు. మనం దాన్ని తిట్టుగా మార్చుకుని, భూమిని కూడా అలాగే చూస్తున్నాం. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ చదవండి. మేత భూములు, కళ్ళాలు, శ్మశానాలు, మందబయళ్ళు, తోపుల వంటి పోరంబోకుల్లో ప్రభుత్వానికి వేరే అవసరం లేనివి గ్రామ పంచాయతీకి దఖలుపడతాయని ఉంటుంది. అంటే దానికి యజమాని ఉన్నాడు, ఆ యజమాని పంచాయతీ.

మా బీడు రికార్డులో ఏడెకరాల నలభై సెంట్లు. నేలమీద చూస్తే ఐదెకరాలకు కాస్త ఎక్కువ. ఉత్తరం వైపు చేపల చెరువు గట్టు బాగుచేసిన ప్రతిసారీ ఒక మూర ఇవతలికి జరిగింది. ఎవరూ ఒక్కరోజులో మింగలేదు కాబట్టి ఎవరికీ కనపడలేదు. ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు తీసుకుని సర్వేయరుతో కొలిపిస్తే హద్దురాయి సర్కారు తుమ్మ పొద కింద, మట్టిలో జానెడు లోతున దొరికింది. నెత్తిన చెక్కిన గుర్తు ఇంకా చెరగలేదు. ఆ రాయి దొరక్కపోతే మా దగ్గర మాట తప్ప ఇంకేమీ లేదు. కాబట్టి ఏ ఊళ్ళోనైనా మొదటి పని గడ్డి విత్తనం కాదు, రికార్డు. ఆర్ఎస్ఆర్ (పాత రీసెటిల్మెంట్ రిజిస్టరు), అడంగల్ (ఏటా రాసే సాగు, అనుభవం లెక్క), ఎఫ్ఎంబీ మూడూ ఒకచోట పెట్టుకుని, హద్దురాళ్ళ దగ్గర తాటిచెట్లు నాటండి, రాయి పోయినా చెట్టు నిలబడుతుంది.

అపోహ: పన్నెండేళ్ళు అనుభవిస్తే మనదైపోతుంది.

పన్నెండేళ్ళ లెక్క ప్రైవేటు భూములది. ప్రభుత్వం దావా వేయడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు ముప్పై ఏళ్ళు. పైగా ఆక్రమణదారుకి నోటీసు ఇచ్చి ఖాళీ చేయించే దారి 1905 నాటి భూ ఆక్రమణ చట్టంలోనే ఉంది. 2011 జనవరిలో జగ్పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల గురించి గట్టిగా చెప్పింది. ఎన్నేళ్ళుగా ఉన్నా, ఎంత ఖర్చుపెట్టి కట్టినా, ఎంత పలుకుబడి ఉన్నా దాన్ని సాకుగా చూపి క్రమబద్ధం చేయకూడదంది. భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ఇచ్చిన స్థలాలకు, బడికీ ఆసుపత్రికీ వాడుతున్నవాటికీ మినహాయింపు ఉండొచ్చని కూడా అంది. అది న్యాయమే. గుడిసె వేసుకున్నవాణ్ణీ, చెరువు తవ్వినవాణ్ణీ ఒకే గాటన కట్టకండి.

అపోహ: పశువులు ఎక్కువైపోయి బీడు పాడైంది.

అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే, ఎందుకంటే ఈ మాట అన్న తర్వాత వచ్చే మాట "ఇంక మేపడం ఆపేసి కౌలుకిచ్చేద్దాం" అని. మా బీడులో పదేళ్ళ కిందటితో పోలిస్తే గేదెలు సగానికి తగ్గాయి, గడ్డి మాత్రం పెరగలేదు. ఎందుకని ఒకసారి జూలైలో వంగి చూశాను. మనది బంక నేల. మొదటి వానలకి మెత్తబడగానే గేదె అడుగు వేస్తే గిట్ట బెత్తెడు దిగుతుంది, ఆ గుంటలో నీరు నిలుస్తుంది, నిలిచిన చోట గరిక కుళ్ళి తుంగ లేస్తుంది. తుంగని గేదె మూతి పెట్టి వదిలేస్తుంది. ఒక మంద నాలుగు రోజులు తిరిగిన ముక్కలో ఆ ఏడాదంతా తుంగే. తప్పు తలల లెక్కలో కంటే తోలే వేళలో ఉంది.

మేం చేసింది చెబుతాను. బీడుని మూడు ముక్కలు చేశాం. తొలకరి పడ్డాక మూడు నాలుగు వారాలు ఏ ముక్కలోకీ తోలం, ఆ రోజుల్లో ఎండుగడ్డీ గట్ల మీద కోసిన గడ్డీ వేస్తాం. తర్వాత ఒక ముక్కలో గరిక నాలుగు వేళ్ళ ఎత్తుకు దిగగానే మంద రెండోదానికి మారుతుంది. మొదటి ఏడాది గొడవలే. "మా తాతల నుంచి లేని రూలు నువ్వు పెడతావేంటి డాక్టరుబాబూ" అని ఒక పెద్దాయన నామీద కేకలేశారు. రెండో ఏడు దసరాకి ఆయనే తన మనవడితో కబురంపారు, "రెండో ముక్కలో గడ్డి అయిపోవచ్చింది, మార్పించండి" అని.

ఎవరెన్ని తోలాలి అన్నదానికి స్విట్జర్లాండులో టోర్బెల్ అనే కొండ ఊరు 1517లోనే ఒక పద్ధతి రాసుకుంది. చలికాలమంతా ఇంటి దగ్గర ఎన్ని ఆవుల్ని మేపగలవో అన్నిటినే కొండ మీద మేతకు పంపాలి. ఉమ్మడి వనరుల మీద పరిశోధనకి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ ఈ ఊరిని ఉదాహరణగా చూపించారు. మన లెక్కలో అయితే నీ గడ్డివాము ఎన్ని గేదెలకి సరిపోతుందో అన్నే బీడులోకి. బయట కొనుక్కొచ్చి వానాకాలం ఊరి బీడులో మేపి అమ్ముకునే బేరగాళ్ళని ఈ ఒక్క రూలుతో ఆపగలిగాం.

అపోహ: పచ్చగా ఉంటే మంచి మేతే.

మురుగు కోడు పక్కన మోకాలెత్తు నీటిగడ్డి చూసి సంబరపడి తోలేస్తారు. పశువు కార్జంలో (కాలేయంలో) చేరే కార్జపు జలగ అక్కడే అంటుకుంటుంది. పశువు పేడలోని గుడ్లు నీటిలో పొదిగి, నత్తల్లో పెరిగి, బయటికొచ్చి గడ్డికాడకి అతుక్కుంటాయి. గేదె చిక్కిపోతుంది, పాలు తగ్గుతాయి, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. ఆ గడ్డి కావాలంటే నీటిమట్టానికి పైన కోసి, ఎండబెట్టి వేయండి. మందు వానల ముందోసారి, వానలు తగ్గాక ఇంకోసారి మీ డాక్టరు చెప్పిన మోతాదులో పట్టించండి. గొంతువాపు టీకా తొలకరికి ముందే పడాలి.

అపోహ: సర్కారు తుమ్మ నరికేస్తే సరి.

నరికితే రెట్టింపు పిలకలు వేస్తుంది. ఎండాకాలంలో వేళ్ళతో సహా పెకలించాలి, అదీ కాయలు పండకముందే. ఆ కాయలు తిన్న పశువు పేడతో బీడంతా విత్తనం చల్లుతుంది.

అపోహ: వరిగడ్డి ఉండగా బీడెందుకు?

దాళ్వా (రెండో పంట వరి) వచ్చాక చేలు పశువులకి దొరికే రోజులే తగ్గాయి. కోత మిషను వచ్చాక గడ్డి నలిగి చేలోనే పడుతోంది, చాలామంది అక్కడే తగలబెడుతున్నారు. బేలరుతో కట్టించినా వరిగడ్డి కడుపు నింపుతుందే గానీ అందులో మాంసకృత్తులు చాలా తక్కువ. అది తిని గేదె పాలివ్వాలంటే పచ్చిమేత తోడు కావాలి. దాళ్వా వేయని చేలల్లో కోతకి ముందు పిల్లిపెసర చల్లే అలవాటు మనదే, దాన్ని వదలకండి.

అపోహ: ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చాక లంకలో పశువుల్ని దాటించొచ్చు.

వద్దు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి, అంటే పది లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికే చాలా లంకల కాజ్‌వేలు మునిగి ఉంటాయి, పడవల్లో మనుషులకే చోటు దొరకదు. మీ కన్ను ఎగువన ఉన్న భద్రాచలం మీద ఉండాలి. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, ఆ నీరు కిందికి రావడానికి పడుతున్న కాస్త వ్యవధే మనది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ఆ వారం ఏటిగట్టు మీద గేదెలున్నాయి, మేత లేదు. పాలిచ్చే గేదెలు రెండు రోజులు కాలువలో కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క నమిలాయి. ఇప్పుడు జూన్ నెలాఖరుకే గట్టు మీద ఎత్తైన చోట ఉమ్మడి గడ్డిమేటు వేసి టార్పాలిన్ కప్పుతున్నాం, ఇంటికి ఇన్ని మోపులని లెక్క. భద్రాచలం 43 అనగానే గుడి మైకులో చెప్పిస్తాం. చూడి గేదెలూ దూడలూ మొదటి ట్రిప్పులోనే దాటాలి, దున్నలు, వట్టిపోయినవి తర్వాత.