మామ్మ నల్లబొట్టు

అమలాపురం దగ్గర మా పాత మండువా ఇంట్లో, వీధిగుమ్మం దాటగానే ఎదురుగా ఒక ఫోటో ఉండేది. ఇంచుమించు నూరేళ్ళ నాటిది. తాతయ్య కుర్చీలో కూర్చుని ఉంటారు. మామ్మ పక్కనే నిలబడి, కుర్చీ మీద చెయ్యి వేసి ఉంటుంది. తెల్లచీర, నుదుట నల్లబొట్టు. "మొగుడు పక్కనుండగా ఆ తెల్లచీరేమిటమ్మా!" అని చుట్టాలు నొచ్చుకునేవారు. మామ్మ ప్రతిసారీ ఒకటే చెప్పేది: "అది ఆకాశం రంగు చీర. బొట్టు కుంకుమే."

ఆవిడ చెప్పింది నిజం. పొరబడింది, ఆ రోజుల్లో ఫిల్ముకి బదులు కెమెరాలో పెట్టే గాజుపలక.

ఫోటో పలక మీద పూసే జెలటిన్‌లో వెండి బ్రోమైడ్ ఉంటుంది. దానికి సహజంగా అందేది నీలం, ఊదా, అతినీలలోహిత కాంతే. కాంతి రేణువు శక్తి రంగును బట్టి ఉంటుంది. ఎరుపు రేణువుకున్న శక్తి ఆ స్ఫటికంలో ఎలక్ట్రాన్‌ని కదిలించడానికి చాలదు. అందుకే కుంకుమ ఉన్నచోట పలక మీద ఏమీ పడలేదు, ప్రింటులో నల్లగా వచ్చింది. లేత నీలం చీరేమో తెల్లగా తేలిపోయింది. పసుపు నీలాన్ని పీల్చేస్తుంది కాబట్టి, పసుపు రాసుకున్న మామ్మ బుగ్గలు కూడా ఉన్నదానికన్నా నల్లబడ్డాయి. చీకటిగదిలో ఎర్రదీపం పెట్టుకుని పలకలు కడగగలిగింది కూడా ఎరుపు వాటికి ఆనకపోవడం వల్లే.

1873లో హెర్మన్ వోగెల్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త, కొన్ని అద్దకపు రంగులు కలిపితే పలకకు ఆకుపచ్చ, పసుపు కూడా అందుతాయని కనిపెట్టాడు. ఎరుపు కూడా పట్టే పలకలు 1906లో ఇంగ్లండులో అమ్మకానికొచ్చాయి. వాటిని కడగడానికి ఎర్రదీపం పనికిరాదు. పాతరకం పలకల వాడకం ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది.

నాకు మనసు కలుక్కుమనేది ఇక్కడే. ముత్తయిదువని గుర్తుపట్టే పసుపు, కుంకుమ రెండూ ఆ పలకకు సరిగా ఆనని రంగులే. ఇక మిగిలిన గుర్తులన్నీ స్టూడియో పెట్టినవి. 1854లో పారిస్‌లో డిస్డేరి అనే ఫోటోగ్రాఫరు పేటెంటు తీసుకున్న చిన్న కార్డు ఫోటోలతో స్తంభాలు, తెరలు, చెక్కిన కుర్చీలు దేశదేశాలకూ పాకాయి. మా తాతయ్య వెనక కూడా రంగులేసిన గుడ్డ మీద పాలరాతి స్తంభమే. ఒంటిమీద కోటు స్టూడియోవాళ్ళది. ఇంట్లో ఆయనకెప్పుడూ పంచె, కండువాయే. కుర్చీ మీద మామ్మ చెయ్యి అణకువకే కాదు, ఆసరాకి కూడా: వెలుగు చాలని గదిలో లెన్సు కొన్ని సెకన్లు తెరిచి ఉంచాలి, మనిషి కదిలితే ఫోటో చెదిరిపోతుంది.

మొన్న మా అబ్బాయి ఆ ఫోటోకి ఫోనులో రంగులు వేయించాడు. చీర తెల్లగానే, బొట్టు నల్లగానే వచ్చాయి. వాడి పక్కన కూర్చుని రెండూ మార్పించాను. చీరకి సరైన నీలం కుదరడానికి చాలాసేపు పట్టింది.